మోకాలికి దెబ్బ తగిలాక: మొదటి నిమిషం నుంచి మళ్లీ ఆట దాకా ఏం చేయాలి

షటిల్ ఆడుతూ వెనక్కి ఎగిరి దిగాను. పాదం నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. లోపల ‘టక్’మని ఒక శబ్దం. అది చెవికి వినపడిందో, ఎముకకే తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను. కాసేపు కూర్చున్నాక నొప్పి కొంచెం తగ్గింది. బెణికి ఉంటుందిలే అనుకుని లేచి ఇంకో రెండు పాయింట్లు ఆడబోయాను. పక్కకు అడుగు వేయగానే మోకాలు కింద ఏమీ లేనట్టు జారిపోయింది. ఇంటికి చేరేసరికి మోకాలి చిప్ప అంచులు కనిపించడం లేదు, మోకాలంతా ఉబ్బి గుండ్రంగా అయింది.

ఆ తర్వాత నేను చేసిన పనుల్లో సగం తప్పులే. వేడి కాపడం పెట్టించుకున్నాను. గట్టిగా మర్దన చేయించుకున్నాను. హాయిగా ఉందని మూడు వారాలు మోకాలి కింద దిండు పెట్టుకునే పడుకున్నాను. చివరికి తేలింది ఏమిటంటే, మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్, అంటే ఎముకనూ ఎముకనూ కలిపి ఉంచే గట్టి పట్టీ, తెగింది. కానీ తెగిన లిగమెంట్ కన్నా ఆ మూడు వారాల్లో కరిగిపోయిన తొడ కండరమూ, పూర్తిగా చాపుకోలేకపోయిన కాలూ నన్ను ఎక్కువ కష్టపెట్టాయి. మీకు ఆ కష్టం రాకూడదనే ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. నాకు వైద్యం చేసిన డాక్టర్లూ ఫిజియోథెరపిస్టూ చెప్పినవి, ఆ తర్వాత నేను కూర్చుని చదివి తెలుసుకున్నవి కలిపి, ఏది ముందు ఏది వెనక అన్న వరుసలో పెడుతున్నాను. దెబ్బ ఇప్పుడే తగిలి ఉంటే కింద ఉన్న మొదటి భాగం చదివి ఆ పని చూడండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

పడ్డచోటే, లేవకముందు

పడగానే చుట్టూ ఉన్నవాళ్లు చేతులు పట్టి లేపడానికి వస్తారు. ఒక్క నిమిషం ఆగమనండి. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ప్యాంటు మోకాలి పైకి మడవండి, మడతపడకపోతే కత్తిరించండి. బూటు, సాక్సు విప్పించుకోండి, పాదం కనిపించాలి.

దెబ్బ మోకాలికైతే పాదం చూడటమేమిటి అనిపిస్తుంది. పాదానికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం మోకాలి వెనక గుంటలోంచే పోతుంది. అక్కడ అది ఎముకలకు దగ్గరగా, అటూఇటూ కదలడానికి పెద్దగా వీలు లేకుండా ఉంటుంది. మోకాలి కీలు పూర్తిగా తప్పితే ఆ నాళం నలిగిపోవచ్చు, చిరిగిపోవచ్చు. ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, తప్పిన కీలు ఒక్కోసారి దానంతటదే మళ్లీ కూర్చుంటుంది. పైకి వాపు తప్ప ఏమీ కనిపించదు. రక్తం ఆగిపోయిన కాలికి 6 నుంచి 8 గంటల్లోపు మళ్లీ రక్తం అందాలి, ఆలస్యమైతే కాలు తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు.

అందుకే పాదం రెండో పాదం కన్నా చల్లగా ఉందా, పాలిపోయిందా, నీలంగా మారిందా చూడండి. బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందు నుంచి చేతివేళ్లతో పాదం మీదుగా పైకి వస్తే, పాదం మధ్యలో నాడి సన్నగా కొట్టుకోవడం తెలుస్తుంది. ముందు మంచి కాలి మీద వెతికి చూసుకుంటే ఎక్కడుందో పట్టుబడుతుంది. నాడి తగిలింది కదా అని ధీమా వద్దు. మోకాలు పూర్తిగా ఊడి మళ్లీ కూర్చున్నట్టు అనిపించినా, వేగంగా వస్తున్న బండి మీది నుంచి పడినా, రక్తనాళం సంగతి ఆసుపత్రిలో తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు మడమ నేల మీదే ఉంచి పాదాన్ని మీ వైపుకు ఎత్తండి. ఎత్తలేకపోతే, లేదా పాదం పైభాగం మొద్దుబారితే, మోకాలి బయటి పక్క కిందుగా చుట్టుకుని వెళ్లే నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆ తర్వాత మోకాలు చాపి కాలంతా ఒక జానెడు పైకి లేపి చూడండి. నొప్పితోనైనా లేస్తే మంచిదే. మడమ నేల వదలకపోతే, లేదా మోకాలు కింద వేలాడిపోతే, చిప్ప విరిగిందో, చిప్పకు పైనో కిందో ఉన్న గట్టి స్నాయువు (తొడ కండరం లాగుడును ముంగాలికి అందించే తాడులాంటిది) తెగిందో అని అనుమానించాలి. తెగిన స్నాయువును మొదటి ఒకటి రెండు వారాల్లో కుడితే ఫలితం బాగుంటుంది, నెలలు గడిస్తే చాలా కష్టం. “నొప్పి వల్ల లేవట్లేదులే” అని సరిపెట్టుకోకండి.

పాదం చల్లబడినా, మొద్దుబారినా, కాలు వంకర తిరిగినా, మోకాలి మీద లోతుగా తెగినా, చిప్ప పక్కకు జరిగి అక్కడే ఉండిపోయినా, ఇంకేం ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరండి. పిక్క రాయిలా గట్టిపడి, వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి పుడుతూ, నిమిషనిమిషానికీ పెరుగుతున్నా అంతే, అది రేపటిదాకా ఆగే నొప్పి కాదు. కాలు ఏ వంపులో ఉందో ఆ వంపులోనే ఉంచి, రెండు పక్కలా మడతపెట్టిన దుప్పట్లు పెట్టి కదలకుండా తీసుకెళ్లండి. లాగి సరిచేయడానికి ఎవరినీ ఒప్పుకోకండి. ఎముక విరిగినట్టు తెలుస్తుంటే తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టించుకోకండి, వెంటనే మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

టైము చూసి రాసుకోండి

ప్రమాదం లేదని తేలాక మొదట చేయాల్సింది ఫోన్ తీసి నాలుగు మాటలు రాసుకోవడం. డాక్టర్ చేతికి ఇది ఎంత ఉపయోగమో నేను కళ్లారా చూశాను. నా మోకాలు ముట్టుకోకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “వాపు ఎంతసేపటికి వచ్చింది?”

గంట రెండు గంటల్లో మోకాలు నిండుగా ఉబ్బితే లోపల రక్తం చేరుతోందని అర్థం. ఏసీఎల్ తెగినా, చిప్ప జారినా, కీలు లోపలి ఎముక చిట్లినా ఇలా అవుతుంది. అదే వాపు రాత్రి మొదలై మర్నాటికి తెలిస్తే, మెనిస్కస్ చిరగడమో, తేలికపాటి బెణుకో అయ్యే అవకాశం ఎక్కువ. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య వాషర్‌లా ఉండే మెత్తటి పలక. ఇవి కచ్చితమైన లెక్కలు కావు, కానీ డాక్టర్ ఎటువైపు వెతకాలో చెబుతాయి.

ఎలా తగిలిందన్నది రెండో సంగతి. పాదం నాటుకుని ఒళ్లు తిరిగితే ఏసీఎల్, మెనిస్కస్. మోకాలి బయటి పక్కన ఎవరైనా వచ్చి గుద్దుకుంటే లోపలి పక్క లిగమెంట్. కారులో ముందుకు తూలి ముంగాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటే వెనక వైపున్న పీసీఎల్ అనే లిగమెంట్. నేరుగా మోకాలి మీద పడితే చిప్ప. శబ్దం వినపడిందా, ఆ వెంటనే నడవగలిగారా, మోకాలు జారిపోయినట్టు అనిపించిందా, ఒక చోట పట్టేసి వంగకుండానో చాపుకోకుండానో ఉండిపోయిందా, ఇవన్నీ కూడా రాయండి. మోకాలి ఫోటోలు రెండు తీసి పెట్టుకోండి, రెండు కాళ్లూ పక్కపక్కన పడేలా. నాలుగు రోజుల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి వాపు సగం తగ్గి ఉంటుంది, అప్పుడు ఆ ఫోటోనే మాట్లాడుతుంది.

ఎక్స్-రే కావాలా, వద్దా

కెనడాలోని ఒటావాలో 1990లలో డాక్టర్లు దీనికి కొన్ని సులువైన గుర్తులు తయారుచేశారు. ఇప్పటికీ చాలా దేశాల్లో క్యాజువాలిటీ డాక్టర్లు వాటినే చూస్తారు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్-రే తీయించాలి: వయసు 55 లేదా అంతకన్నా ఎక్కువ. మిగతా ఎముక ఎక్కడా నొప్పి లేకుండా చిప్ప మీద నొక్కితేనే నొప్పి. మోకాలి కింద బయటి పక్క తగిలే గుండ్రటి ఎముక బొడిపె మీద నొప్పి. మోకాలు 90 డిగ్రీలు, అంటే కుర్చీలో కూర్చున్నంత, వంగకపోవడం. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ డాక్టర్ చూసేటప్పుడు, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోవడం. కుంటుతూ వేసినా అడుగు అడుగే.

ఇవేవీ లేకపోతే ఎముక విరిగే అవకాశం బాగా తక్కువ. ఎక్స్-రే బాగుందంటే ఎముకలు బాగున్నాయనే అర్థం, అంతకుమించి కాదు. లిగమెంట్లు, మెనిస్కస్ ఎక్స్-రేలో కనిపించవు. నాకు మొదట చూసినచోట ఎక్స్-రే పట్టుకుని “ఏమీ లేదు, రెస్ట్ తీసుకోండి” అన్నారు. ఆ మాట నమ్మి కదలకుండా పడుకున్నాను.

పిల్లల విషయంలో, పెద్దవాళ్ల విషయంలో ఒక మాట అదనంగా చెప్పాలి. పిల్లలకు ఎముక చివర్లలో పెరిగే భాగం లిగమెంట్ కన్నా బలహీనంగా ఉంటుంది. పెద్దవాళ్లకు లిగమెంట్ సాగే దెబ్బకి పిల్లలకు ఎముకే చిట్లవచ్చు. పైగా తుంటి కీలులో తేడా వస్తే పిల్లలు మోకాలు నొప్పి అనే చెబుతారు. పడ్డ తర్వాత పిల్లవాడు కుంటుతుంటే, మోకాలు చూస్తే బాగానే ఉంటే, తుంటిని కూడా చూడమని అడగండి. వయసు మళ్లినవాళ్లు పడినప్పుడూ ఇంతే, తుంటి విరిగినా నొప్పి మోకాలి దగ్గర చెప్పేవాళ్లు ఉంటారు.

మొదటి మూడు రోజులు

ఐస్ పెట్టాలన్నది అందరికీ తెలుసు. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి ఉంచడం అనే ఈ పద్ధతికి అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ 1978లో ‘రైస్’ అని పేరు పెట్టారు. ఆయనే 2014లో వెనక్కి తగ్గి, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. కాబట్టి ఐస్‌ను నొప్పి తగ్గించే మందుగానే చూడండి, గాయం మాన్పే మందుగా కాదు. నొప్పి బాగా ఉన్న మొదటి రెండు మూడు రోజులు, పలుచటి తడి గుడ్డలో చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి పెడితే చాలు. నేరుగా చర్మానికి తగలనివ్వకండి. ఐస్ పెట్టుకుని నిద్రపోకండి. ఇందాక చెప్పిన బయటి పక్క నరం చర్మానికి దగ్గరగానే ఉంటుంది, అక్కడ ఎక్కువసేపు చలి తగిలితే అది దెబ్బతిని పాదం వాలిపోయిన సందర్భాలున్నాయి.

క్రేప్ బ్యాండేజీ చుట్టేటప్పుడు మోకాలి మీద మాత్రమే బిగించకండి. పిక్క మధ్య నుంచి మొదలుపెట్టి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా తొడ మధ్య దాకా తీసుకెళ్లండి. కింద కాస్త గట్టిగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా. చుట్టిన పావుగంటకి వేళ్లు చూడండి. నీలంగా అయినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి మళ్లీ చుట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి.

ఇక దిండు. దెబ్బ తగిలిన మోకాలు ఎప్పుడూ కొంచెం వంగి ఉండాలనే చూస్తుంది, ఎందుకంటే అలా ఉంటే లోపల నీటికి చోటు ఎక్కువ, బిగువు తక్కువ, నొప్పి తక్కువ. దాని మాట విని కింద దిండు పెట్టామా, రోజులు గడిచేకొద్దీ వెనకవైపు కండరాలూ పొరలూ ఆ వంపుకే బిగుసుకుంటాయి. ఆ తర్వాత కాలు పూర్తిగా చాపుకోదు, చాపుకోని కాలితో నడిస్తే కుంటు తప్పదు. వాపు తగ్గడానికి కాలు ఎత్తి పెట్టుకోవాల్సిందే, కానీ దిండు మడమ కింద, పిక్క కింద ఉండాలి. మోకాలి వెనక ఖాళీ ఉండాలి, పాదం గుండె కన్నా ఎత్తులో ఉండాలి. మొదట ఐదు నిమిషాలకే వెనకవైపు లాగుతుంది. లాగితే తీసేయండి, గంట తర్వాత మళ్లీ పెట్టండి. ఒక సంగతి మరిచిపోకండి: మోకాలు లాక్ అయినట్టు ఏదో అడ్డుపడి చాపుకోకపోతే బలవంతంగా నొక్కకండి. చిరిగిన మెనిస్కస్ ముక్క మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు, అది డాక్టర్ త్వరగా చూడాల్సిన విషయం.

ఈ మూడు రోజులూ వేడి కాపడం వద్దు, మర్దన వద్దు, మద్యం వద్దు, పరుగు వద్దు. మొదటి రెండూ లోపల ఇంకా కారుతున్న రక్తాన్ని పెంచుతాయి. నా మోకాలు మర్దన చేయించుకున్న మర్నాడు ముందురోజు కన్నా పెద్దదైంది.

నొప్పికి పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, ఎట్టిపరిస్థితిలోనూ దాటకూడదు. లివర్ సమస్య ఉన్నవాళ్లకు, బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా తగ్గించాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, కలిపి లెక్కపెట్టుకోండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. రక్తం పలుచబడే మందుల మీద ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే మోకాలు నిండా రక్తం చేరవచ్చు, వాళ్లు ఇంట్లో ఆగకుండా చూపించుకోవాలి.

తొడ కండరాన్ని మేల్కొలపండి

నేను అన్నిటికన్నా ఆలస్యంగా తెలుసుకున్న పాఠం ఇదే. మోకాలి లోపల నీరు చేరితే, తొడ ముందు కండరానికి వెళ్లే ఆజ్ఞను ఒళ్లే ఆపేస్తుంది. నొప్పి లేకపోయినా ఆపేస్తుంది. మీరు బద్ధకించడం వల్ల కాదు, అది కీలు తనను తాను కాపాడుకునే తీరు. అందుకే దెబ్బ తగిలిన రెండు వారాలకే తొడ సన్నబడటం కంటికి తెలిసిపోతుంది. ఆ కండరమే మోకాలికి అసలు ఆసరా. అది పనిచేయకపోతే లిగమెంట్లు బాగున్నా మోకాలు జారుతుంది.

ఎముక విరగలేదని తెలిస్తే, డాక్టర్ కదపవద్దని చెప్పకపోతే, రెండో రోజో మూడో రోజో ఇలా మొదలుపెట్టండి. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. చిన్న టవల్ చుట్టి మోకాలి కింద పెట్టండి, ఈ వ్యాయామం చేసినంతసేపే. అరచేతిని చిప్పకు పైన, తొడ లోపలి వైపు ఆనించండి. ఇప్పుడు మోకాలి వెనక భాగంతో ఆ టవల్‌ని పరుపులోకి నొక్కండి. అరచేతి కింద కండరం గట్టిపడాలి, చిప్ప పైకి కొంచెం జరగాలి. ఐదు సెకన్లు పట్టి ఉంచి వదలండి. పదిసార్లు, రోజుకి నాలుగైదు విడతలు.

మొదటిసారి నేను చేసినప్పుడు అరచేతి కింద ఏమీ కదల్లేదు. బలమంతా పెడుతున్నాననే అనుకున్నాను, పిరుదు బిగుస్తోంది, దవడ బిగుస్తోంది, తొడ మాత్రం మెత్తగా అలాగే ఉంది. నా ఫిజియోథెరపిస్ట్ రెండు కాళ్లూ ఒకేసారి నొక్కమంది. మంచి తొడ బిగిసినప్పుడు, రెండో తొడలో సన్నగా ఏదో వణికింది. “అదే, ఆ వణుకునే పట్టుకోండి” అంది. రెండు రోజుల్లో వణుకు బిగువైంది. మీకూ ఏమీ కదలకపోతే ఇలా రెండు కాళ్లతో ప్రయత్నించండి, ఐస్ పెట్టి తీసిన వెంటనే చేసి చూడండి, అప్పుడు సులువుగా వస్తుంది.

దీనితోపాటు చీలమండ పైకీ కిందికీ గంటకి ఇరవైసార్లు ఆడించండి, పిక్కలో రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. పడుకుని మడమను పరుపు మీద జారుస్తూ మోకాలిని వంగినంత వరకూ వంచి, మళ్లీ చాపండి. టేపు ఉంటే చిప్ప పైఅంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలతా తీసి రాసి పెట్టుకోండి. కోలుకుంటున్నారో లేదో ఆ అంకె నెలనెలా చెబుతుంది.

నడక

పూర్తిగా మంచం పట్టడం, పట్టుదలగా కుంటుతూ తిరగడం, రెండూ తప్పే. బరువు వేయొద్దని డాక్టర్ అనకపోతే, చంకకర్రల సాయంతో నొప్పి ఓర్చుకోగలిగినంత బరువు వేస్తూ, మడమ ముందు ఆనించి, వేళ్లతో నెట్టి, మామూలు నడకలా నడవండి. కుంటకుండా నడవగలిగేదాకా కర్ర వదలకండి. ఒక్క కర్రే పట్టుకుంటే మంచి కాలి వైపు చేతిలో పట్టుకోండి, చాలామంది నొప్పి కాలి వైపే పట్టుకుంటారు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, కర్ర ఎప్పుడూ నొప్పి కాలితోనే.

ఈ రోజుల్లో పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుట్టినా, ఆయాసమో ఛాతీలో నొప్పో వచ్చినా, అది కాలి సిరలో గడ్డ కట్టిన రక్తం వల్ల కావచ్చు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా అంతే. కారో బండో నడపడం, కాలితో బ్రేకు ఒక్కసారిగా గట్టిగా తొక్కగలనన్న నమ్మకం వచ్చాకే.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

మొదటి రోజు వాపు, బిగుతు వల్ల డాక్టర్ చేతితో చేసే పరీక్ష సరిగ్గా తెలియదు. అందుకే వారం పది రోజులకు మళ్లీ చూపించుకోండి, మొదటిసారి “ఏమీ లేదు” అన్నా సరే. మోకాలిని కొద్దిగా వంచి, తొడను ఒక చేత్తో పట్టి, ముంగాలిని ఇంకో చేత్తో ముందుకు లాగే పరీక్ష ఒకటి ఉంది, దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. ఏసీఎల్ తెగిందా లేదా అన్నది అనుభవం ఉన్న చేతికి ఆ ఒక్క కదలికలో చాలావరకు తెలిసిపోతుంది. వాపు మరీ ఎక్కువుంటే సూదితో నీరు తీస్తారు. తీసిన రక్తం మీద నూనె చుక్కల్లా కొవ్వు తేలితే ఎముక ఎక్కడో చిట్లిందని అర్థం, ఎముక మజ్జలోని కొవ్వు అది.

ఎంఆర్ఐ ఎప్పుడు? మోకాలు జారుతుంటే, పట్టేస్తుంటే, వాపు వారాలు గడిచినా తగ్గకపోతే, లేదా ఆపరేషన్ గురించి ఆలోచిస్తుంటే. రిపోర్టులో ‘మెనిస్కస్ చిరుగు’ అన్న మాట కనపడగానే కంగారుపడకండి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 50 ఏళ్లు దాటిన 991 మందికి ఎంఆర్ఐ తీసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చిరుగు ఉన్నవాళ్లలో 61 శాతం మందికి ముందు నెలలో మోకాలి నొప్పే లేదు. అంటే ఆ చిరుగు మీ దెబ్బ కన్నా పాతది కావచ్చు. “ఈ రిపోర్టులో ఉన్నది నా నొప్పికి, నా దెబ్బకి సరిపోతోందా?” అని సూటిగా అడగండి.

లోపలి పక్క లిగమెంట్ దెబ్బలు చాలావరకు బ్రేస్‌తో, వ్యాయామంతో ఆపరేషన్ లేకుండానే మానుతాయి. ఏసీఎల్ తెగితే ఆపరేషన్ ఒక్కటే దారి అనుకునేవాళ్లు ఎక్కువ. స్వీడన్‌లో 121 మంది యువకుల మీద చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో సగం మందికి ముందే ఆపరేషన్ చేశారు, మిగతా సగానికి మొదట వ్యాయామం ఇచ్చి, అవసరమైతేనే ఆపరేషన్ అన్నారు. రెండేళ్లు గడిచేసరికి రెండో గుంపులోని 59 మందిలో 23 మందికే ఆపరేషన్ అవసరమైంది, మోకాలి పరిస్థితి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది. గిరగిరా తిరిగే ఆటలకు మళ్లీ వెళ్లాలనుకునేవాళ్లకు, ఎంత వ్యాయామం చేసినా మోకాలు జారుతూనే ఉన్నవాళ్లకు, మెనిస్కస్ కూడా కుట్టాల్సినవాళ్లకు ఆపరేషన్ వైపు మొగ్గు ఉంటుంది. ఏదైనా, ఏసీఎల్ ఒక్కటే తెగడం రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాల్సిన గాయం కాదు. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపుకుని, తొడ బిగిసే స్థితికి వచ్చాక వెళ్తే ఆ తర్వాత మోకాలు బిగుసుకుపోయే ప్రమాదం తక్కువ. టెన్షన్‌లో ఒప్పుకోకుండా, రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి మీకు టైము ఉంది.

వారాలు గడిచేకొద్దీ

ఇక్కడి నుంచి ఫిజియోథెరపిస్ట్ చెప్పిన వరుసలో పోవాలి, అది ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. మామూలుగా కాలు చాపి పైకి లేపడం, గోడకు ఆని కొంచెం కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, సైకిల్, ఒంటికాలి మీద నిలబడటం, ఆ తర్వాతే గెంతడం. ఎంత చేయాలన్న దానికి నేను పట్టుకున్న కొలత ఒకటే. పది మార్కుల్లో నొప్పి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి ముందురోజు స్థాయికి రావాలి. మర్నాడు మోకాలు ఉబ్బి ఉంటే నిన్నటిది ఎక్కువైంది, సగానికి తగ్గించండి. మానేయకండి, తగ్గించండి. నేను రెండుసార్లు పూర్తిగా మానేసి రెండుసార్లూ వెనక్కి వెళ్లిపోయాను.

బరువు ఎక్కువున్నవాళ్లకు ఒక లెక్క ఉపయోగపడుతుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన అధ్యయనం చూపించింది. దెబ్బ తిన్న కీలుకు ఏళ్ల తర్వాత అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మళ్లీ ఆటలోకి

ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లు తొమ్మిది నెలల లోపు తిరుగుళ్లు ఉన్న ఆటలకు వెళ్లొద్దు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల్లో, తొమ్మిది నెలల వరకూ ఆలస్యం చేసిన ప్రతి నెలకీ మళ్లీ దెబ్బ తగిలే రేటు సుమారు సగానికి తగ్గింది. నెలలతోపాటు బలం కూడా చూడాలి. దెబ్బ కాలి తొడ బలం మంచి కాలిలో కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి మీద గెంతిన దూరం కూడా అంతే. ఫిజియోథెరపిస్ట్ చేత కొలిపించుకోండి, మీ అంచనా మీద వదలకండి. ఆపరేషన్ లేకుండా కోలుకున్నవాళ్లకూ ఈ బలం లెక్క వర్తిస్తుంది.

భయం సంగతి ఎవరూ అడగరు, మీరే చెప్పండి. నా తొడ బలం 90 దాటాక కూడా వెనక్కి ఎగరాల్సి వచ్చినప్పుడు కాలు ఆగిపోయేది. ఫిజియోథెరపిస్ట్ దాన్ని ముక్కలు చేసింది. మొదటి వారం ఖాళీ కోర్టులో రాకెట్ లేకుండా వెనక్కి నడక, తర్వాత వెనక్కి చిన్న గెంతు రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద దిగి మూడు సెకన్లు కదలకుండా నిలబడటం. మోకాలు బొటనవేలి వైపు లోపలికి వాలకుండా ఫోన్‌లో వీడియో తీసి చూసుకునేదాన్ని. ఆ తర్వాత రాకెట్ పట్టుకున్నాను, ఎదురుగా ఉన్నవాళ్లు ఎటు కొడతారో ముందే చెప్పి కొట్టేవాళ్లు. చెప్పకుండా కొట్టడానికి ఒప్పుకున్నది ఇంకో నెల తర్వాత. పాయింట్లు లెక్కపెట్టింది ఆ తర్వాతే.